మీ బిల్లులో మాంసానికి ఎంత, గదికి ఎంత

అందరికీ నమస్కారం. మన స్టేక్ హౌస్‌లో వచ్చే నెల మొదటి తేదీ నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాం. ఏం మారుతోందో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు, కానీ ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెప్పకపోతే సగం దాచినట్టే అవుతుంది. ఇప్పటికే ఒక విషయం దాచాను, అది కూడా ఇందులోనే చెప్తాను.

రెండు నెలల కిందట ఒకాయన, మొదటి నుంచీ మా దగ్గరికి వస్తున్న మనిషి, బిల్లు కట్టి వెళ్తూ ఆగి అడిగారు: "ఇదే రిబ్ ఐ (పక్కటెముకల దగ్గరి బీఫ్ ముక్క) ఇంకో చోట దీనికంటే చాలా తక్కువకు దొరుకుతోంది. నేను మీకు ఎక్కువ ఇస్తున్నది మాంసానికా, ఈ లైట్లకా?" కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపాను. రాత్రి అన్నీ మూసేశాక లెక్కలు ముందేసుకుని కూర్చుంటే, ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదని అర్థమైంది.

మీరు కట్టే బిల్లును వంద భాగాలు చేస్తే అందులో నలభై దాకా మాంసానికీ మిగతా సరుకులకీ పోయేవి. పోయినేడు హాలు కొత్తగా చేయించాక అది ముప్పై దగ్గరికి పడిపోయింది. తగ్గిన పది భాగాలూ అప్పు వాయిదాలకు పోతున్నాయి. ధర పెంచితే మీరు రావడం మానేస్తారేమోనని టెన్షన్ పడి, ధర ముట్టుకోకుండా మాంసం మీద చెయ్యి పెట్టాను. అంతకుముందు మేం 28 రోజులు డ్రై ఏజింగ్ చేసేవాళ్ళం. అంటే సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన ఉండే చలిగదిలో, గాలి ఆడేలా, మాంసాన్ని ఏ కవరూ లేకుండా ఉంచడం. లోపలి ఎంజైములు పీచును మెత్తబరుస్తాయి, నీరు ఆవిరైపోయి రుచి చిక్కబడుతుంది, కానీ ఆ నీటి బరువూ, పైన గట్టిపడిన పొర కోసి పారేసే బరువూ కలిపితే మా దగ్గర దాదాపు నాలుగో వంతు పోయేది. దాన్ని ఆపేసి వెట్ ఏజింగ్‌కి మారాం, గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో మాంసం ఉంటుంది, బరువు పెద్దగా పోదు. మెత్తదనం వస్తుంది, ఆ వేయించిన గింజల్లాంటి వాసన మాత్రం రాదు. మెనూలోంచి 'డ్రై ఏజ్డ్' అన్న మాట తీసేశాను, అంటే అబద్ధం రాయలేదు, కానీ తీసేశానని మీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. క్షమించండి.

పోనీ అంత ఖర్చు పెట్టిన గది అయినా మీకు పనికొచ్చిందా అంటే, అదీ లేదు. నున్నటి రాతి నేల, ఏమీ లేని గోడలు, ఫోటోల్లో చాలా బాగుంటుంది, కానీ శబ్దం ఎక్కడా ఇంకకుండా తిరిగి తిరిగి మీ చెవుల్లోనే పడుతుంది. మామూలుగా మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది, శనివారం రాత్రి మా హాల్లో ఫోన్‌తో కొలిస్తే 85 దాటింది. ఇది చెవులతో పోయే ఇబ్బంది కూడా కాదు. చుట్టూ గోల ఎక్కువైతే ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలుస్తాయని 2011లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. ఆ నెలల్లో ఉప్పు చాల్లేదని ఎన్ని ప్లేట్లు వెనక్కి వచ్చాయో, మా వంటవాళ్ళను నేను ఎన్నిసార్లు అన్యాయంగా అన్నానో తలుచుకుంటే బాధగా ఉంది. దానికి తోడు టేబుళ్లు త్వరగా ఖాళీ అవ్వాలని వేగమైన పాటలు పెట్టేవాళ్ళం. 1986లో రొనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు ఒక రెస్టారెంట్‌లోనే ఇది పరీక్షించి చూశారు, నెమ్మదైన సంగీతం ఉన్న రోజు జనం సగటున 56 నిమిషాలు కూర్చుంటే వేగమైనది పెట్టిన రోజు 45 నిమిషాలకే లేచారు. అంటే మీ నుంచి ఆ పదకొండు నిమిషాలు నేను కావాలనే లాక్కున్నాను.

లైట్లు మరీ తగ్గించేశాం. మీడియం రేర్ అడిగినవాళ్ళకి ముక్క కోస్తే లోపల గులాబీ రంగు ఉందో లేదో కనిపించకపోతే ఇంకెందుకు? ఏసీ గాలి నేరుగా నాలుగు టేబుళ్ల మీద పడేది. బీఫ్ కొవ్వు పూర్తిగా కరిగి ఉండాలంటే మన ఒంటి వేడి కంటే ఎక్కువ వేడి కావాలి, ప్లేటు చల్లబడితే అదే కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది. ఎంత మంచి మార్బ్లింగ్ (మాంసం మధ్యలో సన్నటి కొవ్వు చారలు) ఉన్న ముక్క అయితే అంత ఎక్కువ నష్టం.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, 'యాంబియెన్స్' అని మనం ఒకే మాటతో పిలిచేదాంట్లో రెండు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి మీరు తినే ముక్కకి, మీరు చేసే కబుర్లకి నిజంగా ఉపయోగపడేది: వేడి ప్లేటు, ఎదుటి మనిషి మాట వినబడే గది, ప్లేటు కనిపించే వెలుతురు, తరిమేయని సర్వర్. రెండోది చూడటానికి, ఫోటో తీసుకోవడానికి. మొదటిదానికి డబ్బు ఇవ్వండి, మా దగ్గరైనా ఎక్కడైనా. రెండోది మీకు ఆ రోజు కావాలనిపిస్తేనే ఇవ్వండి, పెళ్లిరోజుకి కావాలనిపించడంలో తప్పేం లేదు.

పారిస్‌లో 1959లో మొదలైన లె రెలే దె వెనీజ్ అనే చోట మెనూలో ఎంచుకోవడానికి దాదాపు ఏమీ ఉండదు, సలాడ్, సాస్‌తో స్టేక్, ఫ్రైస్, అంతే. కానీ స్టేక్‌ని రెండు సార్లుగా వడ్డిస్తారు, మీరు మొదటి సగం తింటుంటే రెండో సగం వేడిగా ఉంచుతారు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి యాంబియెన్స్ లేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని పీటర్ లూగర్ స్టేక్ హౌస్ 1887 నాటిది, ఏ గుడ్డా పరవని చెక్క టేబుళ్లు, ధర మాత్రం ఎక్కువే, ఎందుకంటే డ్రై ఏజింగ్ వాళ్ళే చేసుకుంటారు. ఇంకో కొసన టోక్యో గింజాలో 2013లో మొదలైన ఇకినారి స్టేక్: కుర్చీలు తీసేసి, నిలబెట్టి, గ్రాముల లెక్కన అమ్మారు. ఆ పద్ధతితోనే 2017లో న్యూయార్క్ వెళ్తే అక్కడ కుర్చీలు వేయాల్సి వచ్చింది. తక్కువ ధరకు కూడా జనం వదులుకోనివి కొన్ని ఉంటాయన్నమాట.

టొమాహాక్ సంగతి కూడా చెప్పాలి, మా దగ్గర ఎక్కువ ఫోటోలు పడేది దానికే. అది పొడవాటి ఎముకతో సహా ఉన్న రిబ్ ఐ, అంతకుమించి ఏమీ లేదు. మెనూలో రాసే బరువు వండకముందుది, అందులో ఎముక బరువూ ఉంటుంది. ఇక నుంచి మాంసం ఎంతో, ఎముక ఎంతో విడిగా రాస్తాం. అలాగే తక్కువ ఖర్చులో మంచిది కావాలంటే భుజం భాగంలోంచి వచ్చే ఫ్లాట్ ఐరన్ అడగండి. మెత్తదనంలో టెండర్‌లాయిన్ (నడుము దగ్గరి అన్నిటికంటే మెత్తటి మాంసం) తర్వాత దాని పేరే చెప్తారు, రుచి మాత్రం టెండర్‌లాయిన్ కంటే గాఢంగా ఉంటుంది.

ఇక మార్పులు. మధ్యాహ్నం పూట టేబుల్ గుడ్డలు, పూలు ఉండవు, ఫ్లాట్ ఐరన్, సర్లాయిన్ (నడుము భాగం ముక్క) రెండే ఉంటాయి, రెండూ వెట్ ఏజ్డ్ అని రాసే ఉంటుంది, ధర ఇప్పటికంటే బాగా తక్కువ. రాత్రి పూట 28 రోజుల డ్రై ఏజ్డ్ తిరిగి వస్తోంది, దానికి ఎనిమిది శాతం ధర పెంచుతున్నాం, ఆ పెంచినది మొత్తం మాంసానికే. పైకప్పుకి శబ్దం పీల్చే పలకలు వేయించాం, కిటికీలకి మందపాటి తెరలు పెట్టాం, ప్రతి టేబుల్ మీదా నేరుగా పడే చిన్న లైటు ఉంది, పాటలు నెమ్మదైనవి, అదీ తక్కువ సౌండ్‌లో. ప్లేట్లు వేడి చేసే పెట్టె కొన్నాం, నిజానికి హాలు కంటే ముందు కొనాల్సింది ఇదే.

డ్రై ఏజింగ్‌కి పెట్టిన మొదటి లాట్ 28 రోజులు నిండి కోతకు రావడానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది. మొదటి వారం ముక్కలు కొద్దిగానే ఉంటాయి కాబట్టి రాత్రి పూట వచ్చేవాళ్ళు ఫోన్ చేసి చెప్పి రండి. ఏసీ కింద కూర్చుని చల్లారిన స్టేక్ తిన్నవాళ్ళు ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి, గ్రిల్ పక్కన ఉన్న టేబుల్ మీకు ఉంచుతాను.