ఇంటి వ్యాయామ సామగ్రి కొనేవారు ముందు కాటా వేయించాలి

సంపాదకులకు నమస్కారములు.

ఇంట్లోనే బరువులెత్తి దేహదారుఢ్యం పెంచుకోవాలన్న ఉత్సాహం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల యువతలో బాగా కనిపిస్తున్నది. పట్టణాలలో జిమ్ములు ఉన్నప్పటికీ, చదువు, ఉద్యోగం, సేద్యం పనుల నడుమ పల్లెల నుంచి రోజూ వచ్చి వెళ్లడం అందరికీ వీలుపడదు కనుక, సామాను ఇంటికే తెచ్చుకోవాలన్న వారి ఆలోచన మంచిదే. అయితే ఏమి కొనాలో చెప్పేవారు దగ్గర లేక, 'హోమ్ జిమ్ కిట్' పేరుతో చవకగా వచ్చేదాన్ని కొని, కొన్నాళ్లకే అటక మీదికి చేర్చేస్తున్న పిల్లలను చూస్తుంటే బాధ కలుగుతున్నది. పిల్లల చేత కసరత్తు చేయించిన వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చవక కిట్లలో చాలావాటిలో వచ్చే ప్లేట్లు, అంటే రాడ్డుకు ఎక్కించే గుండ్రటి బరువులు, ఇనుపవి కావు, ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు మిశ్రమం నింపినవి. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగితే, అంతే పోత ఇనుము సుమారు 7,200 కిలోలు తూగుతుంది. అంటే అదే బరువుకు సిమెంటు ప్లేటు దాదాపు మూడింతల చోటు తీసుకుంటుంది. అందువల్ల, కుర్రవాడికి బలం వచ్చి మరో రెండు ప్లేట్లు వేద్దామనుకునే సమయానికి డంబెల్ రాడ్డు మీద ఖాళీ ఉండదు. నాలుగుసార్లు నేలకు తగిలితే తొడుగు అతుకు దగ్గర విచ్చుకొని లోపలి పొడి రాలిపోతుంది. ఆ తరువాత కుడిచేతి బరువు ఒకటి, ఎడమచేతి బరువు ఒకటి అవుతాయి. అందుకే డబ్బు తక్కువగా ఉన్నవారు సైతం, కొన్నది కొద్దిగానైనా పోత ఇనుము ప్లేట్లే కొనాలని నా గట్టి అభిప్రాయం.

మొదట కావలసింది ఒక జత డంబెల్ రాడ్లు, వాటికి బిగించే నట్లు, 1.25, 2.5, 5 కిలోల ప్లేట్లు మాత్రమే. చిన్న ప్లేట్లను చులకనగా చూడరాదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలలో వయసును బట్టి రెండు పళ్ల గిత్తలకు ఒక బండ, నాలుగు పళ్లవాటికి అంతకన్నా బరువైన బండ కట్టినట్లే, మనిషి కండకు కూడా బరువును మెట్టు మెట్టుగానే పెంచాలి. ఆ మెట్లు చిన్న ప్లేట్లు ఉంటేనే దొరుకుతాయి. ప్లేటు నడిమి బెజ్జం కొలత కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. ఇళ్లలో వాడే సన్నని రాడ్లకు సాధారణంగా 25 నుంచి 30 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది; పోటీలలో వాడే పెద్ద రాడ్డు, అంటే ఒలింపిక్ బారుకు, ప్లేట్లు ఎక్కించే చివరల మందం 50 మిల్లీమీటర్లు. ఒకదాని ప్లేట్లు మరొకదానికి పనికిరావు. పురుషుల ఒలింపిక్ బారు ఒక్కటే 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు కనుక, మన ఇళ్లలోని చిన్న గదులలో అది తిరగదు.

మూతబడిన జిమ్ముల నుంచి పాత ఇనుము దొరికితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. పైపై తుప్పు ఇనుప బ్రష్షుతో పోతుంది. రాడ్డును మాత్రం గ్రానైట్ నేల మీద దొర్లించి చూడాలి. తిన్ననిది సాఫీగా దొర్లిపోతుంది, వంగినది ఎగిరెగిరి పడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది కనుక, చెమట తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాయడం అలవాటు చేసుకోవాలి. నేలకు ఖరీదైన జిమ్ మ్యాట్లే అక్కరలేదు. పశువుల కొట్టాలలో పరిచే మందపాటి రబ్బరు చాప చక్కగా పనిచేస్తుంది.

బెంచీ కొనేటప్పుడు, అది మోయగలదని తయారీదారు చెప్పిన బరువులో మనిషి బరువు, ఎత్తే బరువు రెండూ కలిసి ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, ఇరువైపులా బారును ఆపే ఇనుప చేతులు లేకుండా పెద్ద రాడ్డుతో బెంచ్ ప్రెస్ (బెంచీ మీద వెల్లకిలా పడుకొని బరువును ఛాతీ మీది నుంచి పైకి ఎత్తడం) చేయడం ప్రాణాపాయం. డంబెల్స్‌తో చేస్తే, చేతులు సడలినా పక్కలకు వదిలేయవచ్చు. ఇక పొట్ట కరిగిస్తామనే వణుకుడు బెల్టులకు ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

జిమ్ముకు వెళ్లడానికి జంకే ఆడపిల్లలకు ఇంటి సామగ్రి మరింత అవసరం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన రాష్ట్రపు ఆడపడుచే కదా! తల్లిదండ్రులు కొడుకుకు కొన్న డంబెల్స్‌ను కూతురు కూడా వాడుకునేలా చూడాలని కోరుతున్నాను.

చివరగా అధికారులకు ఒక విన్నపం. ప్లేటు మీద 10 కిలోలని అచ్చు వేసి ఉన్నా, కాటా మీద పెడితే అంతకు తక్కువ తూగేవి అమ్మకంలో ఉన్నాయి. కొనేవారు కొట్టులోనే ప్రతి ప్లేటునూ తూయించుకొని, బిల్లు మీద బరువు రాయించుకోవాలి. తేడా ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్నవాటిపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. కూరగాయల కాటాలను తనిఖీ చేసే తూనికలు, కొలతల శాఖవారు రెండు జిల్లాలలోని క్రీడాసామగ్రి దుకాణాలలో ఈ ప్లేట్లను కూడా తూచి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.