ఎరుపు చేప, నీలం చేప, మసక నీళ్లు

ప్రియమైన అరవైమూడుకు,

నీ ఉత్తరాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు కోపం వచ్చే ఉంటుంది, క్షమించు. అమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి. ఇల్లు మారే పని సగంలో ఉంది, పుస్తకాలన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ కబుర్లు ఇంతటితో చాలు. ఇవాళ నేను కూర్చున్నది చేపల సంగతి చెప్పడానికి. అది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మేడమెట్ల మీద మన వాదన గుర్తుందా? రెండు జీవులు వేర్వేరు జాతులని ఎలా తేల్చాలి అని నేను అడగ్గానే నువ్వు కంచరగాడిదను తెచ్చి నా ముందు నిలబెట్టావు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటికి పుట్టినదానికి 63. ఆ క్రోమోజోములు సరిగ్గా జతకూడవు, కాబట్టి దాదాపు ఎప్పుడూ వంశం అక్కడితో ఆగిపోతుంది. "హద్దు ఒంట్లోనే ఉంటుంది, వాదన అయిపోయింది" అని లేచి వెళ్లిపోయావు. నీకు ఆ పేరు స్థిరపడింది ఆ సాయంత్రమే!

ఇప్పుడు విను. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఉంది కదా, అందులో సిక్లిడ్ అనే చేపలు దాదాపు 500 జాతులు ఉండేవి. ఆ సరస్సు సుమారు 15,000 ఏళ్ల క్రితం ఎండిపోయిందని అడుగు మట్టిని తవ్వి చూసినవాళ్లు చెబుతున్నారు. అంటే ఆ జాతుల్లో చాలా భాగం నీళ్లు మళ్లీ నిండిన తరువాత పుట్టినవే! పరిణామం లెక్కలో అది రెప్పపాటు. కొండ అడ్డం రాలేదు, సముద్రం అడ్డం రాలేదు, ఒకే నీళ్లలో ఇన్ని ఎలా విడిపోయాయి?

వాటిలో రెంటిని దగ్గరగా చూపిస్తాను. రెండూ పుండమీలియా ప్రజాతివే, రాళ్ల మధ్య బతుకుతాయి. ఒకదాని మగ చేప నీలం. రెండోదాని మగ చేపకు వీపు ఎర్రగా, పక్కలు పసుపుగా ఉంటాయి. ఆడవి మాత్రం రెంటిలోనూ వెలిసిపోయిన పసుపు రంగే, పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. నీలంవి ఒడ్డుకు దగ్గరగా పైనీళ్లలో ఉంటాయి, ఎర్రవి కొంచెం లోతున. ఆ సరస్సులో లోతుకు వెళ్లేకొద్దీ నీలి వెలుగు ముందుగా హరించుకుపోతుంది, ఎరుపు వైపు వెలుగు మిగులుతుంది. అందుకు తగ్గట్టు లోతు చేపల కంటిలో ఎరుపును పట్టే వర్ణకం కాస్త మారింది. ఆ కంటికి ఎర్ర మగచేప ధగధగలాడుతూ కనిపిస్తుంది. పైనీళ్ల చేప కంటికి నీలం. ఎవరి కంటికి ఇంపైనవాణ్ణి వాళ్లు ఎంచుకుంటారు, అంతే. రెండు జాతులు!

ఈ చేపల్లో ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. మగదాని కింది రెక్క మీద అచ్చం గుడ్ల లాంటి మచ్చలుంటాయి. ఆడది వాటినీ ఏరుకోబోయినట్టు నోరు తెరుస్తుంది, ఆ క్షణంలోనే వీర్యం నోట్లోకి చేరి గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. ఇంత సూక్ష్మమైన వ్యవహారం, మొత్తం చూపు మీదే నడుస్తోంది.

ఇక అసలు సంగతి. ఓలే సీహౌసెన్ అనే జీవశాస్త్రవేత్తా ఆయన సహచరులూ ఈ ఆడచేపలను ప్రయోగశాలలో పరీక్షించారు. మామూలు వెలుగులో అవి ఎక్కువగా తమ జాతి మగచేపల వైపే వెళ్లాయి. రంగుల తేడా తెలియని వెలుగు వేస్తే ఆ పట్టింపే పోయింది! పుట్టిన సంకర పిల్లలకు ఏ లోపమూ లేదు, వాటికీ పిల్లలు పుట్టాయి. కంచరగాడిద ఎక్కడా లేదు రా. ఒంట్లో గోడే లేదు. ఉన్న గోడంతా వెలుగే.

సరే, ఆ వెలుగు పోతే? పోతోంది. చుట్టూ అడవులు కొట్టేశారు, పొలాల నుంచి మట్టి, పోషకాలు కొట్టుకొచ్చి నాచు పెరిగింది, నీళ్లు మసకబారాయి. 1997లో సీహౌసెన్ వాళ్లు అచ్చువేసిన వ్యాసం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీళ్లు బాగా మసకగా ఉన్నచోట మగచేపల రంగులు వెలవెలబోయాయి, జాతుల సంఖ్య తగ్గింది, ఎరుపుకూ నీలానికీ నడిమి రంగు చేపలు కనిపించాయి. ఏ చేపనూ ఎవరూ చంపనక్కర్లేదు, జాతులే మాయమవుతాయి. నైలు పెర్చ్ అనే పెద్ద చేపను తెచ్చి వదిలితే అది తిని పోగొట్టినవి వేరే ఉన్నాయి, అది మరో దుఃఖం.

ఎర్నెస్ట్ మాయర్ అనే జీవశాస్త్రవేత్త 1942లో చెప్పిన నిర్వచనం ప్రకారం, తమలో తాము సంతానం కంటూ ఇతర గుంపులతో కలవనివే జాతి. దాని ప్రకారం చూస్తే ఈ రెండు చేపలు తేట నీళ్లలో రెండు జాతులు, మసక నీళ్లలో ఒకటి! అలాంటప్పుడు జాతి అనేది చేపలో ఉందా, నీళ్లలో ఉందా? నాకైతే రెంటి మధ్యా ఉందనిపిస్తుంది. అంటే... దీన్ని నీతో మాట్లాడితే తప్ప తేల్చుకోలేను.

ఇంకో సంగతి వింటే ఎగిరి గంతేస్తావు. 2017లో జన్యువులు చదివి ఏం తేల్చారో తెలుసా? ఈ వందల జాతులకు మూలం ఏనాడో రెండు దూరపు చేపల వంశాల మధ్య జరిగిన సంకరమేనట. కంటి వర్ణకంలోని వైవిధ్యం, ఇవాళ ఎరుపునూ నీలాన్నీ వేరుగా ఉంచుతున్న ఆ సరుకు, వచ్చింది ఆ కలయిక నుంచే! కలిసిపోవడం ఒకచోట జాతులను చెరిపేస్తోంది, మరోచోట వందల జాతులకు ముడిసరుకు ఇచ్చింది. ఇది తెలిశాక చదివినవన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలనిపిస్తోంది.

యాపిల్ ఈగల సంగతి కూడా చెప్పాలి. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల మీద బతికే ఈగలు కొన్ని, వలస వచ్చినవాళ్లు యాపిల్ చెట్లు నాటాక వాటి మీదకు మారాయి. అవి జతకట్టేది కాయల మీదే, యాపిల్ ముందుగా పండుతుంది కాబట్టి రెండు గుంపుల కాలాలే వేరయ్యాయి, ఇక్కడ గోడ వెలుగు కాదు, క్యాలెండరు, ఇంకా వాటి... అయ్యో, సామాను బండి వచ్చేసింది, కింద పిలుస్తున్నారు. ఈ బల్ల కూడా ఎక్కించాలట. కొత్త చిరునామా కవరు వెనక రాస్తాను. ఈగలది వచ్చే ఉత్తరంలో. కంచరగాడిద తరఫున నీ జవాబు మాత్రం వెంటనే పంపు.

నీ,
మేడమెట్ల ప్రతివాది