సదరం సర్టిఫికెట్ వచ్చింది.. ఆ నీలం చీర అక్కకి వెయ్యి దండాలు

మావాడి సదరం సర్టిఫికెట్, అదేనండీ వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సర్కారు కాగితం, ఇవాళ మధ్యాహ్నం సచివాలయంలో ప్రింట్ తీసి చేతిలో పెట్టారండీ. 80 శాతం వైకల్యం, పర్మనెంట్ అని వచ్చింది. ఇంక పెన్షన్‌కి భయం లేదమ్మా అని వెల్ఫేర్ అసిస్టెంట్ గారు అనగానే అక్కడే కుర్చీలో కూలబడిపోయా. నడుం పడిపోయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మావాడికి పదేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ. పుట్టగానే ఏడవలేదు, మెదడుకి ఆక్సిజన్ అందలేదన్నారు. ఆనించి కూర్చోబెడితే కూర్చుంటాడు, మాట రాదు, ఫిట్స్ ఉన్నాయి. చిన్నప్పుడు ఇచ్చింది టెంపరరీ సర్టిఫికెట్, దాని గడువు అయిపోయింది, మళ్ళీ స్లాట్ బుక్ చేసుకుని ఆస్పత్రిలో క్యాంపుకి తీసుకెళ్ళి చూపించాలన్నారు. 2024 జూలైలో వాడి పెన్షన్ నెలకి 3 వేలు కాస్తా 6 వేలు అయ్యాకే ఫిజియోకి, ఫిట్స్ మాత్రలకి, డైపర్లకి ఎవరినీ అడక్కుండా నెట్టుకొస్తున్నాం, అది ఆగిపోతే ఏం చెయ్యాలో తెలీక ఈ నెలంతా సరిగ్గా అన్నం తిన్నది లేదు.

క్యాంపు రోజు పొద్దున్నే వెళ్ళాం, అప్పటికే వరండా నిండిపోయి ఉంది. వాడు ఒళ్ళో ఉన్నాడు, ఆస్పత్రి వీల్ చైర్‌కి కాళ్ళు పెట్టుకునే పలక లేదు, కూర్చోబెడితే జారిపోతున్నాడు. రెండు మూడు గంటలయ్యాక వాడికి కడుపు పాడై విరేచనం అయింది, డైపర్ దాటి నా చీర మీదకి కూడా వచ్చేసింది. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకుని జరిగారు, వాళ్ళని అనడానికేం లేదు. మా ఆయన నీళ్ళ బాటిల్ కోసం బయటికి వెళ్ళాడు, లేస్తే టోకెన్ పోతుందేమోనని భయం, లేవకపోతే వాడి ఏడుపు.

అప్పుడొచ్చింది ఆ నీలం చీర అక్క, ఆస్పత్రిలో శుభ్రం చేసే ఆమె. వరండా తుడుస్తూ తుడుస్తూ మాప్ గోడకానించి వచ్చి "ఇటియ్యి తల్లీ, నీ నంబర్ వస్తే కేకేస్తార్లే" అని వాణ్ణి అలాగే, ఆ అవతారంలోనే, ఎత్తి భుజానేసుకుంది. ఆమె చీర ఏమవుతుందో కూడా చూసుకోలేదండీ. స్టాఫ్ బాత్రూం తీసి, వాళ్ళ రూంలో హీటర్ పెట్టి బకెట్టు నీళ్ళు కాచి, "ఏం రాజా, చలేస్తందా" అని వాడితో కబుర్లు చెప్తూ శుభ్రంగా కడిగింది. అక్కడిదాకా నేను బానే ఉన్నా. తర్వాత వాడి కుడి చెయ్యి పట్టుకుంది. ఆ గుప్పెట ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, లాగితే వాడికి నొప్పి, మణికట్టు కిందికి వంచి బొటనవేలి వైపు నుంచి మెల్లగా తియ్యాలి, ఫిజియో ఆయన నేర్పితే గానీ నాకే తెలీలేదు. ఆమె సరిగ్గా అలాగే తీసి, అరచేతిలో ఇరుక్కున్న మురికి కడిగి, వేళ్ళ సందుల్లో తడి కూడా తుడిచింది. లోపల తడుంటే పుండవుద్ది కదమ్మా అంది. నీకెలా తెలుసక్కా అంటే "తెలుసులే" అని ఊరుకుంది, ఇంకేం చెప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఈ పదేళ్ళలో ఆ గుప్పెట గురించి ఇంట్లోవాళ్ళు కాకుండా ఇంకొకరు పట్టించుకోవడం నేను చూళ్ళేదు. డబ్బులివ్వబోతే చేతి మీద ఒక్కటేసింది. ఆమె పేరు తెలుసు కానీ రాయను, కాంట్రాక్టు ఉద్యోగం, స్టాఫ్ బాత్రూం ఎందుకు తీశావని ఎవరన్నా అడిగితే?

అసలు ఆ బాత్రూం తియ్యాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అది కూడా రాస్తా, కోపం దిగట్లేదు. వికలాంగుల టాయిలెట్ అని బోర్డున్న గదికి తాళం, లోపల విరిగిన మంచాలు. ర్యాంప్‌కి అడ్డంగా బైకులు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, పాత బిల్డింగులు కూడా వాళ్ళకి వీలుగా మార్చాలని అందులో ఉంది, వికలాంగుల క్యాంపు పెట్టే చోటే ఇలా ఉంటే ఇంకెక్కడ అమలవుతుంది? పైగా ఈ టెంపరరీ గోల. వాడి మెదడుకి జరిగింది పుట్టినప్పుడే జరిగిపోయింది, సర్టిఫికెట్ గడువు అయిపోతే వాడి జబ్బు గడువు కూడా అయిపోతుందా? ఒకటో తారీఖున పెన్షన్ ఇంటికే తెచ్చిస్తున్నారు, బాగుంది, కాదనను. మరి ఆ ఇంటికే ఒక డాక్టర్ని పంపి ఇలాంటి పిల్లల్ని చూడమనొచ్చుగా, నడవలేనివాణ్ణి నడవలేడని చెప్పడానికి అంత దూరం మోసుకురమ్మంటారా.

మా ఆయన పనులు మానుకుని తిరిగాడు, అత్తయ్య ఇల్లు చూసుకుంది, తమ్ముడు ఆటో కట్టాడు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

స్లాట్లు పెట్టిన కాసేపటికే అయిపోతుంటే పట్టు వదలకుండా ప్రయత్నించి బుక్ చేసిన మా సచివాలయం డిజిటల్ అసిస్టెంట్ తమ్ముడికి థ్యాంక్స్. వాణ్ణి బల్ల ఎక్కించమనకుండా తనే వంగి కాళ్ళు చూసిన ఎముకల డాక్టర్ గారికి కూడా.

అయ్యో, మా వెనక చంకకర్రలతో నిలబడ్డ బాబాయ్ గారు! మేం బాత్రూంలో ఉండగా మా నంబర్ పిలిస్తే "వస్తన్నారు సార్, పసిబిడ్డ" అని తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డారంట, తర్వాత తెలిసింది. ఆయన పని అయిందో లేదో కూడా తెలీదు, అయ్యుండాలి.

మావాడిలాంటి పిల్లల కోసం నడిపే భవిత సెంటర్ టీచర్ గారు, పాత రిపోర్టులన్నీ తేదీల వరసన ఫైల్ చేసిచ్చారు కదా, డాక్టర్ గారు ముందు చూసింది అదేనండీ. జెరాక్స్ షాపతను ఆధార్, రేషన్ కార్డు కాపీలకి డబ్బులు తీసుకోలేదు, పేరు గుర్తు రావట్లేదు, ఆస్పత్రి గేటుకి ఎదురుగా రెండో షాపు. ఎవరన్నా ఆ వైపు క్యాంపుకి వెళ్తే అక్కడే తీయించుకోండి, పిల్లలుంటే రెండు జతల బట్టలు ఎక్కువ పట్టుకెళ్ళండి.