'ఆయ్తు' అంటే అయినట్టా, సరేనన్నట్టా?

ఎడిటర్ గారికి నమస్కారం.

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో పదకొండు మందితో ఓ చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. రెండు లేత్‌లు (ఇనుము తిప్పుతూ చెక్కే మిషన్లు), ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్), అంతే. బుష్‌లు, పిన్నులు, స్పేసర్లు లాంటి చిన్న మిషన్ విడిభాగాలు చేస్తాం. పనిలో సగానికి పైగా హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి వైపు కస్టమర్లదే. వాళ్లలో ముగ్గురి ముఖాలు నేనింతవరకూ చూడలేదు, వ్యవహారమంతా ఫోన్ మీదా వాట్సాప్ మీదా నడుస్తుంది. సాఫ్ట్ స్కిల్స్ అని పత్రికల్లో వస్తుంటాయి కదా, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఇంగ్లిష్‌లో ఎలా పరిచయం చేసుకోవాలి అని, అవి చూసినప్పుడల్లా ఫోన్ మీదే పని నడిపే మాలాంటి వాళ్లు ఎలా మాట్లాడాలో ఎవరూ రాయరేంటి అనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ మధ్య జరిగింది చెప్తాను. మా ఆపరేటర్‌ది హిందూపురం, పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, మాట సగం తెలుగు, సగం కన్నడం. బాలానగర్ కస్టమర్ "200 బుష్‌లు శుక్రవారం వ్యాన్‌లో వేయాలి" అని మెసేజ్ పెడితే మావాడు "ఆయ్తు సార్" అని కొట్టాడు. కన్నడంలో ఆయ్తు అంటే అయిపోయిందనీ అర్థమే, సరే అనీ అర్థమే. ఇక్కడ రోజుకు వందసార్లు సరే అనడానికే వాడతాం. ఆయన మాత్రం బుష్‌లు అయిపోయాయనుకున్నారు, ఇంక ఫోన్ చేయలేదు, తన కస్టమర్‌కి కూడా మాట ఇచ్చేశారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి వ్యాన్ వచ్చి గేటు దగ్గర నిలబడితే ట్రేలో ఉన్నవి 60. ఎదురుగా ఉండి ఉంటే మావాడు తల ఊపే తీరు చూసే ఆయనకు తెలిసిపోయేది.

వాడిని తిట్టాను, కాదనను. కానీ వాడికి పని వచ్చు, సైజు 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) తేడాలో పట్టమంటే పడతాడు. విన్నదాన్ని తిరిగి చెప్పాలని వాడికి ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. ఇప్పుడొక రూలు పెట్టుకున్నాం. సరే, ఓకే, బొటనవేలు బొమ్మ, వీటితో జవాబు ముగించకూడదు. ఎన్ని పీసులు, డ్రాయింగ్‌లో ఏ రివిజన్ (ఎన్నోసారి మార్చిన డ్రాయింగో), ఏ రోజుకి, ఈ మూడూ తిరిగి రాయాలి: "200 బుష్‌లు, రివిజన్ సి, శుక్రవారం మధ్యాహ్నానికి. ఇప్పటికి 60 అయ్యాయి సార్." అదీ తెలుగులోనే. అవతల ఉన్నది తెలుగువాళ్లే అయినా, ఇంగ్లిష్ సరిగ్గా రాదని మొహమాటపడి ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లే మాకు సగం గొడవలు వచ్చాయి.

నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు పంపే కస్టమర్లకు కూడా ఒక దండం. లేత్ మోతలో అవి వినేదెవరండీ? సైజులైనా టైపు చేసి పెట్టండి.

నీలం టిక్కులదీ ఇలాంటి గోలే. చేతులకు కూలెంట్ (మిషన్ వేడెక్కకుండా పోసే ద్రవం) అంటుకుని ఉంటుంది, మెసేజ్ తెరిచి చూస్తాం, తర్వాత రాద్దామనుకుంటాం, అవతలివాళ్లేమో చూసి కూడా పలకడం లేదనుకుంటారు. వాట్సాప్ బిజినెస్ 2018 నుంచీ ఉంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, జవాబులు ముందే రాసి పెట్టుకోవచ్చు. "చూశాం సార్, మూడింటిలోపు చెప్తాం" అని ఒకటి పెట్టాను. మూడింటికి చెప్పకపోతే కథ మళ్లీ మొదటికే అనుకోండి.

అన్నింటికన్నా కష్టం చెడ్డ కబురు చెప్పడం. ఇందులో తప్పు నాదే. మిషన్‌లో స్పిండిల్ బేరింగ్ పోయి పని ఆగినప్పుడు, బాగయ్యాక చెప్దాంలే అని ఒక కస్టమర్ ఫోన్ రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు ఆయన వేరే నంబరు నుంచి చేసి "మిషన్ పోతే పోయిందండీ, మీరెక్కడికి పోయారు?" అన్నారు. ఇప్పుడు ఏది ఆగినా పొద్దున్నే ఫోన్ చేసి, ఏమైందో చెప్పి, సోమవారం 80, గురువారం మిగతావి అని తేదీలతో సహా చెప్తున్నాను. విసుక్కుంటారు, కానీ ఆర్డర్ వెనక్కి తీసుకోలేదు ఇంతవరకూ.

డబ్బు అడగడం ఇంకో విద్య. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మాలాంటి చిన్న యూనిట్లకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల్లోపు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరంలో కూడా ఇవ్వకపోతే, కొన్నవాళ్లు ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో చూపుకోలేరు, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది ఇది. అలాగని ఫోన్‌లో సెక్షన్లు చదివితే తర్వాతి ఆర్డర్ రాదు. మా అకౌంట్స్ అమ్మాయి గడువుకు పది రోజుల ముందే "సార్, సరుకు జూన్ 3న అందింది, జూలై 18కి 45 రోజులు నిండుతాయి, ఈ వారం డబ్బు వేయడానికి వీలవుతుందా?" అని పెడుతుంది. బిల్లు కాపీ జత చేస్తుంది. అందరూ వేస్తారని కాదు గానీ, ఫోన్ ఎత్తకుండా తప్పించుకునేవాళ్లు తగ్గారు.

తెలంగాణలో 2014లో టాస్క్ అనే ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉంది, రెండింటి దృష్టీ ఎక్కువగా కాలేజీ పిల్లల ఉద్యోగాల మీదే. మిషన్ మీద నిలబడ్డ కుర్రాడికీ, బిల్లులు రాసే అమ్మాయికీ ఫోన్‌లో ఎలా మాట్లాడాలో తెలుగులో రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు పెడితే బెంగళూరులో ఉన్న మేమూ చేరతాం. మీ పత్రిక ఈ మాట వాళ్ల చెవిన వేస్తే సంతోషం. ఆదివారం అయితే మంచిది, ఆ రోజు మాకు సెలవు.

– ఒక వర్క్‌షాప్ యజమాని, పీణ్య, బెంగళూరు