2024–25 వార్షిక నివేదిక: హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో హోమ్ పిల్లల వెంట మన వాలంటీర్లు

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు సర్వసభ్య సమావేశంలో నేను నివేదిక చదువుతుంటే వెనక వరుసలోంచి ఒక పెద్దాయన "కథలు తర్వాత, ముందు లెక్క చెప్పమ్మా" అన్నారు. అందుకే ఈసారి లెక్కతోనే మొదలుపెడుతున్నాను. 2024 ఏప్రిల్‌లో మనం 19 మంది వాలంటీర్లం. 2025 మార్చి చివరికి 14 మందిమి మిగిలాం. ఇంటికి దూరమై సంరక్షణ హోమ్‌లకు చేరిన పిల్లల్లో ఈ ఏడాది మనం వెంట ఉన్నవాళ్లు 23 మంది. వాళ్లలో 9 మంది సొంత ఇంటికో, బంధువుల ఇంటికో చేరారు. ఒక అబ్బాయి ఫోస్టర్ కుటుంబానికి, అంటే దత్తత కాకుండా తమ ఇంట్లో ఉంచుకుని పెంచేవాళ్ల దగ్గరికి, వెళ్లి తిరిగొచ్చాడు. ఒక అమ్మాయికి 18 నిండాయి. మిగతా 12 మంది ఇంకా హోమ్‌లలోనే ఉన్నారు.

పిల్లల పేర్లు, ఊర్లు, వాళ్లున్న హోమ్‌ల వివరాలు ఇందులో ఉండవు. కొన్ని ఆనవాళ్లు కావాలనే మార్చాను. బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఈ పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ మాట ప్రతి ఏడాదీ చెప్తూనే ఉన్నాం. అయినా దసరా సెలవుల్లో ఒక వాలంటీర్ ఒక పాపతో దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. గంటలో తీయించాం. ఆ గంటలో ఎంతమంది చూశారో ఎవరికి తెలుసు?

కొత్త సభ్యుల కోసం మన పని గురించి నాలుగు మాటలు. తప్పిపోయిన బిడ్డనో, ఇంట్లో ఉండలేక వచ్చేసిన బిడ్డనో పోలీసులు, రైల్వే వాళ్లు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 వాళ్లు ఎవరు గుర్తించినా, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సీడబ్ల్యూసీ అని మనం పిలిచేది దాన్నే. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు వాళ్లకుంటాయి. బిడ్డ ఇల్లు, బడి, బంధువుల పరిస్థితి విచారించిన నివేదిక 15 రోజుల్లో రావాలి. మొత్తం విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. హైదరాబాద్, విజయవాడ, బల్లార్షా మూడు వైపుల బండ్లు కలిసే కాజీపేట జంక్షన్ మన పక్కనే ఉంది. కాబట్టి మన దగ్గర దిగిన బిడ్డ ఇల్లు ఒక్కోసారి వేరే రాష్ట్రంలో తేలుతుంది, భాష కూడా వేరే అవుతుంది.

ఈ దారిలో బిడ్డకు కానిస్టేబుల్, 1098 సిబ్బంది, జిల్లా బాలల సంరక్షణ విభాగం ఆఫీసరు, కౌన్సిలర్, సూపరింటెండెంట్, సమితి సభ్యులు, కొత్త బడిలో టీచరు ఎదురవుతారు. ఎవరి పని వాళ్లు చేస్తారు. కానీ ప్రతి ఒక్కరూ "ఏమైంది, ఎందుకు వచ్చినవ్?" అని మొదటి నుంచి అడుగుతారు. అదే కథ ఆ బిడ్డ ఆరేడు సార్లు చెప్పుకోవాలి. ఆ కథ మళ్లీ అడగకుండా, వచ్చే ఆదివారం మళ్లీ వచ్చే మనిషి ఒకరుండాలన్నదే మన పని.

ఈ ఆలోచన మనది కాదు. 1977లో అమెరికాలోని సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి, పిల్లల గురించి తనకు చాలినంత తెలియకుండానే తీర్పులు ఇస్తున్నానని బాధపడి, కోర్టు తరఫున ఒక్కో బిడ్డ వెంట ఉండే వాలంటీర్లను తయారుచేయడం మొదలుపెట్టారు. అక్కడ వాళ్లను కోర్టే నియమిస్తుంది. మనకు అలాంటి పదవి లేదు, అధికారం అసలే లేదు. సమితి అనుమతిస్తే వెళ్తాం, వద్దంటే గేటు దగ్గరే ఆగుతాం. పోక్సో కేసుల (పిల్లలపై లైంగిక నేరాల కేసులు) జోలికి వెళ్లం. వాటికి 2020 నియమాల ప్రకారం సమితి నియమించే సపోర్ట్ పర్సన్, అంటే కేసులో బిడ్డకు తోడుండే మనిషి, వేరే ఉంటారు. ఆ పనికి కావాల్సిన శిక్షణ మనకు లేదు.

రాఖీ సంగతి

ఈ ఏడాది మనం బాగా చేసిన పని ఒక్కటి చెప్పమంటే నేను రాఖీ పౌర్ణమి గురించే చెప్తాను. దాన్ని కూడా సగమే బాగా చేశాం.

అక్కకు 13, తమ్ముడికి 9. ఆడపిల్లల హోమ్ వేరు, మగపిల్లల హోమ్ వేరు గనుక ఇద్దరూ రెండు చోట్ల ఉన్నారు. మధ్యలో దూరం ఆటోలో ఇరవై నిమిషాలు. అయినా చివరిసారి చూసుకుని ఎనిమిది నెలలైంది. ఎవరూ వద్దనలేదు. ఇద్దరినీ కలపాలని ఎవరూ అడగలేదు, అంతే. జూలైలో ఆ పాప మన వాలంటీర్‌తో "అక్కా, మా తమ్మునికి రాఖి కట్టనిస్తరా?" అంది. అప్పుడుగానీ మనకు తోచలేదు.

సమితికి దరఖాస్తు రాసేసరికి ఆగస్టు మొదటి వారం. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు చేరేలోగా 15వ తేదీ సెలవు వచ్చింది. పండుగ 19, సోమవారం. ఆ రోజు పదకొండున్నరకు గానీ ఆర్డరు చేతికి రాలేదు. ఇటు పాప పొద్దున ఆరింటికే తలస్నానం చేసి, రెండు జడలు వేసుకుని, వరండాలో బెంచీ మీద కూర్చుంది. రాఖీని, రెండు లడ్డూలను నోట్‌బుక్ కాగితంలో చుట్టి పట్టుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తమ్ముణ్ణి తీసుకొచ్చేసరికి లడ్డూలు పిండైపోయాయి. రాఖీ దారం వాడి చేతికి చాలలేదు. వాడు అంత పెరిగాడు మరి. జడకున్న రిబ్బను విప్పి, దారానికి ముడేసి కట్టింది. వాడేమో అక్కను కాసేపు చూసి "నీకు ఫోన్ చేసిందా అమ్మ?" అన్నాడు. లేదంది. తర్వాత ఇద్దరూ ఆ లడ్డూ పొడి తింటూ నలభై నిమిషాలు కబుర్లు చెప్పుకున్నారు. మన వాలంటీర్ దూరంగానే నిలబడింది. అది సరైన పని.

దాని తర్వాత ఈ ఇద్దరికీ నెలకోసారి కలిసే ఏర్పాటు కావాలని సమితిని కోరాం, ఒప్పుకున్నారు. అక్టోబరు నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. ఇలా విడివిడిగా ఉన్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు మన 23 మందిలో ఇంకా ఎవరెవరున్నారో అప్పుడే జాబితా తీశాం. అది మొదటి రోజే తీయాల్సింది.

పేరు ఒకటే, అక్షరాలు మూడు రకాలు

సంఘం అంటే ప్రేమలు, ఆప్యాయతలు అనుకుని వచ్చే కొత్తవాళ్లకు మొదట దొరికేది జిరాక్స్ షాపు. ఈ ఏడాది జిరాక్స్ ఖర్చు మన టీ ఖర్చును దాటింది. నేను ఏమాత్రం ఎక్కువ చేసి చెప్పడం లేదు, కోశాధికారి పద్దులో ఉంది.

పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఇంటి దగ్గరే పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. బిడ్డను హోమ్‌లో ఉంచే బదులు అవ్వ దగ్గరో, పిన్ని దగ్గరో ఉంచడానికి దీనికి మించిన దారి లేదని నా అభిప్రాయం. చాలామంది పిల్లలు హోమ్‌కు వచ్చింది అయినవాళ్లు లేక కాదు, వాళ్ల దగ్గర డబ్బు లేక.

ఒక నాయనమ్మ దగ్గర ఇద్దరు మనవళ్లున్నారు. ఆమె ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. బడి రిజిస్టరులో పెద్దవాడి పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది, ఆర్డర్‌లో మూడో రకంగా పడింది. బ్యాంకులో మూడూ కలవాలన్నారు. ఆధార్ సెంటర్‌లో ఆమె వేలిముద్రలు పడలేదు. బీడీ ఆకు గీకీ గీకీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. "నా ఏళ్లు గుడ ఆ మిషన్‌కు అక్కరకు రాకపాయె సారూ" అందట మన వాలంటీర్‌తో. ఆయన తహసీల్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఏ కాగితం ముందు, ఏది వెనక అని ఆయనకు తెలుసు. కంటిపాప స్కాన్‌తో ఆమె ఆధార్ సరిచేయించి, దాంతో ఖాతా తెరిపించి, బడిలో బోనఫైడ్ తీయించి, చివరకు ఆర్డర్‌లో పేరు సవరించమని దరఖాస్తు పెట్టారు. జూన్‌లో మొదలైతే నవంబరులో మొదటి డబ్బు పడింది. ఈ ఐదు నెలల్లో ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ విసుక్కోలేదు. అందరూ మర్యాదగానే "రేపు రండి" అన్నారు.

ఇదే ఏడాది సెప్టెంబరు 1న వానలకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మహబూబాబాద్ వైపు ఒక అబ్బాయి మేనమామ ఇల్లు చూసి రావాల్సిన మన ప్రయాణం రెండు వారాలు వాయిదా పడింది. ఆ అబ్బాయి మామ వద్దన్నాడనుకున్నాడు. వాన సంగతి వాడికి చెప్పాలని మనకు తట్టలేదు. తర్వాత మామే వచ్చి తీసుకెళ్లాడు, బాగానే ఉన్నాడు.

ఫోస్టర్ కేర్

ఫోస్టర్ కేర్ అనగానే దత్తత అనుకునేవాళ్లే ఎక్కువ. బాలసముద్రం, నయీంనగర్ కాలనీల్లో మనం పెట్టిన సమావేశాల్లో మొదటి ప్రశ్న ప్రతిసారీ ఒకటే: "పసిపాప దొరుకుతుందా?" రెండో ప్రశ్న కులం గురించి. మొదటిదానికి జవాబు, దొరకదని. దత్తతకు వీలున్న పిల్లల్ని దీర్ఘకాల ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని చట్టమే చెప్తోంది. ఇక్కడికి వచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలు. బిడ్డ సొంత కుటుంబంతో సంబంధం తెగదు. సమితి నెలనెలా వచ్చి చూస్తుంది. 2024లో కేంద్రం మార్చిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లికాని వాళ్లు, భర్తో భార్యో లేని ఒంటరి వాళ్లు కూడా ముందుకు రావచ్చు. రెండేళ్లు బిడ్డను పెంచాక దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. రెండో ప్రశ్నకు మనం జవాబు చెప్పం.

ఒక జంట ముందుకొచ్చారు. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, ఇక్కడ ఇల్లు ఖాళీ. పన్నెండేళ్ల అబ్బాయి అక్టోబరులో వాళ్లింటికి వెళ్లాడు. దీపావళి బాగా జరిగింది. సంక్రాంతికి ఆమె తన పిల్లల కోసం డబ్బా నిండా సకినాలు చేసింది. పండుగయ్యాక చూస్తే అబ్బాయి స్కూల్ బ్యాగులో, దిండు గలీబులో సగం సకినాలున్నాయి, ముక్కలై, చీమలు పట్టి. ఆమెకు బాధ తిన్నందుకు కాదు. "అడిగితే పెట్టనా? దొంగతనమెందుకు?" అన్నది. ఆ మాటతో అబ్బాయి అన్నం మానేశాడు. ఆయన గద్దించాడు. ఫిబ్రవరి మొదటివారంలో అబ్బాయి మళ్లీ హోమ్‌కు వచ్చాడు.

ఆ జంట చెడ్డవాళ్లు కారు. తప్పు మనది. వాళ్లకు అబ్బాయి మార్కులు, ఆరోగ్యం, కాగితాలు అన్నీ చెప్పాం. చిన్నప్పుడు వాడుండే చోట ఆలస్యంగా వస్తే అన్నం ఉండేది కాదని, దొరికినప్పుడు దాచుకోవడం వాడికి అలవాటని మన వాలంటీర్‌కు తెలుసు. ఫైలులో ఆ గడి లేదు గనుక రాయలేదు. ఇప్పుడు ప్రతి వాలంటీర్ తన బిడ్డ గురించి సొంత మాటల్లో ఒక పేజీ రాసి సమితికి ఇస్తున్నారు: దేనికి భయపడతాడు, ఎట్లా నిద్రపోతాడు, ఏం దాచుకుంటాడు, జ్వరమొస్తే ఎవరిని తలుచుకుంటాడు. ఆ అబ్బాయి మొన్న మన వాలంటీర్‌ను "ఆళ్లు మల్ల నన్ను రమ్మంటరా?" అని అడిగాడు. ఆ దంపతులు ఇంకోసారి వచ్చి కలుస్తామన్నారు. ఇంకా రాలేదు.

మానేసినవాళ్లు

ఈ ఏడాది తగ్గిన ఐదుగురు వాలంటీర్లలో ఇద్దరికి బదిలీలయ్యాయి, ఒకరికి ఆరోగ్యం బాగాలేదు. వాళ్లు పిల్లలకు చెప్పి, కొత్త వాలంటీర్‌ను వెంట తెచ్చి పరిచయం చేసి వెళ్లారు. మిగతా ఇద్దరు చెప్పకుండా మానేశారు. అందులో ఒకరు ఒక పాపతో "పరీక్షలయ్యాక మా ఇంటికి తీసుకెళ్తా" అన్నారు. ఆ పాప ఏప్రిల్ నెలంతా బట్టల పెట్టె సర్దుకునే ఉంది. ఇకమీదట ఏడాదికి తక్కువ ఉండేవాళ్లను తీసుకోవద్దని, పోలీసు వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా బిడ్డను కలవనివ్వొద్దని కార్యవర్గం తీర్మానించింది. పిల్లలకు ఏ మాటా ఇవ్వొద్దన్నది పాత నియమమే, ఇప్పుడు సంతకం పెట్టిస్తున్నాం.

పుట్టినరోజులకు హోమ్‌లో కేకు కోస్తామని ఫోన్లు ఈ ఏడాదీ వచ్చాయి. కాదని చెప్పినందుకు నా మీద కోపం తెచ్చుకున్న సభ్యులున్నారని తెలుసు. ఊరూపేరూ తెలియని పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుని వెళ్లడం నాకు నచ్చదు. అదే డబ్బు ఆటో చార్జీల ఖాతాలో వేస్తే ఒక బిడ్డ తన తమ్ముణ్ణి చూసి వస్తుంది.

18 నిండిన అమ్మాయి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఉంది. 21 ఏళ్ల దాకా చట్టం ఇచ్చే అనంతర సంరక్షణకు దరఖాస్తు ముందుగానే పెట్టించాం, మంజూరైంది. హాస్టల్ గేటు పాసులో "గార్డియన్" గడిలో మన వాలంటీర్ పేరు రాసిందట. అది చెల్లుతుందో లేదో కనుక్కుంటున్నాం.

జమాఖర్చులు ఆడిట్ చేయించి విడిగా జతపరిచాం. చూసుకుని, అడగాల్సినవి సమావేశంలోనే అడగండి. ఈసారి సభ ఆమోదం కోరేవి రెండు: వాలంటీర్లకు ఆటో చార్జీలు రసీదు లేకపోయినా పుస్తకంలో రాసి ఇవ్వడం, హిందీ బాగా వచ్చిన ముగ్గురు కొత్త వాలంటీర్లను కాజీపేట వైపు కేసుల కోసం తీసుకోవడం.

ఇంకో సంగతి. 2025లో రాఖీ ఆగస్టు 9న వస్తోంది. అది రెండో శనివారం, ఆఫీసులకు సెలవు. అందుకని దరఖాస్తు ఏప్రిల్‌లోనే ఇచ్చేశాం, ఆ అక్కాతమ్ముళ్లకే కాదు, జాబితాలో ఉన్న నాలుగు జతలకూ. రసీదు నంబరు నా దగ్గరుంది. రాఖీలు మాత్రం ఈసారి దారం పొడుగున్నవి కొనాలి.

కార్యదర్శి