కుర్చీ దిగబోతున్న మనిషి మాట విన్నవాళ్లకు

జులై ఒకటి నుంచి ఏడాది పాటు సబాటికల్ లీవ్‌లో ఉంటున్నాను. నల్లగొండలో మా యూనివర్సిటీ కెరీర్ గైడెన్స్ సెల్ డైరెక్టర్‌గా నా పని ఈ నెలాఖరుతో సరి. ఆర్డరు జనవరిలోనే చేతికొచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అడగ్గానే వచ్చి ఆదుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఫోన్ చేసి ఒక థాంక్స్ చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. వాళ్లు చేసింది నలుగురికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ లీవ్ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే కారిడార్‌లో చాలా కథలు నడుస్తున్నాయి. "మేడం, ఆరోగ్యం బాగానే ఉందా?" అని కొందరు, "అమెరికాలో పాప దగ్గరికా?" అని ఇంకొందరు. ఒకాయనైతే పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఏమన్నా ఎంక్వయిరీనా?" అని అడిగారు. అదేమీ లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు పూర్తి చేసినవాళ్లు చదువుకో, పరిశోధనకో ఈ సెలవు అడగొచ్చు. ఒకసారికి ఏడాది, సర్వీసు మొత్తం మీద రెండేళ్లు, అంతకు మించి ఇవ్వరు. నాది కెమిస్ట్రీ. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ మీద పని చేయాలని ఎప్పటి నుంచో ఉంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేశారు. దానికి ప్రపంచమంతటా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్లా పేరు పుస్తకాలకెక్కింది ఇలాంటి విషయంలో అని ఒకవైపు బాధే అనుకోండి. ఆ పద్ధతిలో అడుగున మిగిలే మడ్డిని ఏం చేయాలి, నీళ్లలో ఎంత అల్యూమినియం మిగిలిపోతోంది అనే లెక్క తేల్చాలని నా ప్రయత్నం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంటికి వచ్చాక ఇదంతా ఎందుకు మేడం అన్నవాళ్లున్నారు. పొలం పనికి పోయినవాళ్లు దాహమేస్తే ఇప్పటికీ బోరు దగ్గరే దోసిలి పడతారు. సరే, ఆ సంగతి మళ్లీ ఎప్పుడైనా.

దిగిపోయే సర్పంచ్ మాట ఊళ్లో ఎవరు వింటారు? ఆర్డరు వచ్చిన మర్నాటి నుంచి నాదీ అదే పరిస్థితి అనుకున్నాను. కొత్త డైరెక్టర్ వచ్చాక చూద్దాంలే అనడం ఎవరికైనా సులువు. కొందరు అన్నారు కూడా, వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఇక్కడ రాస్తున్నవాళ్లెవరూ ఆ మాట అనలేదు. ఇక ముందు నా సంతకంతో వాళ్లకు అయ్యే పని ఏదీ లేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

మార్చిలో ఒక కంపెనీ క్యాంపస్ డ్రైవ్ పెడతామని తేదీ ఇచ్చింది. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పిల్లలంతా చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని, ఫైళ్లు సర్దుకుని సిద్ధమయ్యారు. దేవరకొండ వైపు నుంచి వచ్చే పిల్లలు ముందు రోజే వచ్చి స్నేహితుల రూముల్లో పడుకున్నారు. ఆ రాత్రి మెయిల్ వచ్చింది, రాలేకపోతున్నామని. కారణం రాయలేదు. పిల్లలకు ఏం చెప్పాలో తోచక చౌటుప్పల్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో చేస్తున్న మా పాత విద్యార్థుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. పొద్దున చూస్తే ఐదారుగురు సెమినార్ హాలు ముందు నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా బస్సెక్కి వచ్చినవాళ్లు. "డ్రైవ్ లేకపోతే ఏమాయె మేడం, మేమే ఇంటర్వ్యూ చేస్తం" అన్నారు.

ఆ రోజు ఒక మాట విన్నాను, అది రాయకుండా ఉండలేను. క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే ఒక అబ్బాయి ఎదురుగా ఫైనలియర్ అమ్మాయి కూర్చుంది. "హెచ్‌పీఎల్‌సీ రన్ చేస్తున్నవ్. పీక్ ఒక్కటే రావాలె, రెండుగా చీలి వచ్చింది. ఏం చేస్తవ్?" అని అడిగాడు. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏమేం ఉన్నాయో విడదీసి గ్రాఫులా చూపించే మెషీన్. ఆ గ్రాఫులో లేచే శిఖరం పీక్, మందు విడిపోయే గొట్టం కాలమ్. ఆ అమ్మాయి క్రొమటోగ్రఫీ సూత్రం మొదలుపెట్టి గడగడా చెప్పింది. అంతా విన్నాడు. "చెల్లె, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ ఇప్పుడు నీ ముందర మెషీన్ ఉంది, పక్కన సూపర్‌వైజర్ నిలబడ్డడు. ఫస్ట్ ఏం ముట్టుకుంటవ్?" ఆ పిల్ల కాసేపు చూసి, "తెల్వదన్నా" అంది. "ఆ ముక్క ముందే చెప్పాలె. తెల్వదు సార్, కాలమ్ పాడైందేమో మార్చి చూస్త, శాంపిల్ కలిపిన సాల్వెంట్ సరిపడలేదేమో చూస్త, మళ్లా ఇంజెక్ట్ చేస్త అను. మా దగ్గర తెల్వదు అన్నోళ్లను ఎవ్వరేమన్నరు. తెల్వకుండ రీడింగ్ రాసినోళ్లనే ఇంటికి పంపుతరు." ఫార్మాలో పనిచేసినవాళ్లకు ఈ మాట బరువు తెలుసు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వస్తే గట్టిగా వెతికేది ఈ రికార్డుల్లోనే. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో ట్రైనీ. ఆ అన్న మాత్రం ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో పులిహోర ప్లేటు చేతిలో పట్టుకునే కునికిపాట్లు పడ్డాడు.

పులిహోర అన్నాను కదా, అది కంపెనీ వాళ్ల కోసం, పిల్లల కోసం ముందే ఆర్డరిచ్చిన భోజనం. డ్రైవ్ లేదని రాత్రి పదింటికి చెబితే క్యాంటీన్ ఆయన "పప్పు నానబోసిన మేడం, పిల్లలు తింటరు గదా" అన్నారు. డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆయనకూ నా నమస్కారం.

ఇంకో సంగతి ఏప్రిల్‌లో జరిగింది. ఒక డిగ్రీ అబ్బాయికి అప్రెంటిస్‌షిప్ ఖాయమైంది. అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది కానీ ఇంజనీరింగ్ కాని డిగ్రీల వాళ్లకు దారి దొరికింది 2014 సవరణ తర్వాతే. ఇప్పటికీ మన దగ్గర బీకాం, బీఎస్సీ పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. ఈ అబ్బాయి రిజిస్ట్రేషన్‌కు అదే ఆఖరి రోజు. క్లాక్ టవర్ దగ్గర ఆన్‌లైన్ సెంటర్‌లో కూర్చున్నాడు. ఆధార్ ఓటీపీ వాళ్ల నాన్న ఫోన్‌కు పోతుంది. నాన్నేమో ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో తమ వడ్ల కుప్ప దగ్గర కాపలా. ఫోన్ స్విచ్ఛాఫ్.

అబ్బాయి నాకు ఫోన్ చేసేసరికి గొంతులో ఏడుపే తక్కువ. నాకు ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆన్‌లైన్ సెంటర్ తమ్ముడే తన బావమరిదిని పట్టుకున్నాడు, ఆయన ఆ వడ్ల సెంటర్ చూసే మహిళా సంఘం అక్కకు ఫోన్ చేశాడు. మబ్బు పట్టి ఉంది, రైతులంతా తూకం ఎప్పుడవుతుందా అని టార్పాలిన్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అక్కడున్నది ఒక్కటే ప్లగ్గు, అది కాంటా మెషీన్‌ది. ఆ అక్క కాంటా ఆపించి, ఆ ప్లగ్గు తీయించి, ఆ పెద్దాయన ఫోన్ చార్జింగ్ పెట్టింది. లైన్లో ఉన్నవాళ్లు గునిసారట. "పిల్లగాడి నౌకరీ పని, పది నిమిషాలు ఆగుండ్రి" అందట. ఫోన్ ఆన్ కాగానే వచ్చిన ఆరంకెలు తనే చదివి వినిపించింది. వాన పడుంటే ఆ పది నిమిషాలకు ఎన్ని సంచులు తడిసేవో నేను ఊహించగలను. అక్కా, మీ ముఖం కూడా నేను చూడలేదు. ఆ రోజు లైన్లో ఆగిన రైతన్నలకు కూడా చేతులెత్తి మొక్కుతున్నాను.

ఈ సందర్భంగా పిల్లలకు ఒక విన్నపం: ఆధార్‌కు మీ సొంత నంబరు లింక్ చేయించుకోండి. ఈ టెన్షన్ ఇంకొకరికి వద్దు.

ఆడపిల్లల విషయంలో గట్టి సాయం నిజానికి బస్సు చేసింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం వచ్చింది. అంతకు ముందు ఎల్బీనగర్‌లో ఇంటర్వ్యూ అంటే చార్జీలకు ఇంట్లో అడగాలి, అడిగితే ఎందుకంటారు, చెప్తే "వద్దులే బిడ్డా" అంటారు. సగం ఇంటర్వ్యూలు అక్కడే ఆగిపోయేవి. ఈ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నేను చూసింది నేను చెబుతున్నాను. ఫైలు పట్టుకుని ఎక్కిన మా పిల్లలకు ఎక్కడ దిగాలో, ఏ పక్కకు నడవాలో ఓపిగ్గా చెప్పిన కండక్టరమ్మలకు థాంక్స్.

అయినా ఉద్యోగం వచ్చాక ఇంకో గడప ఉంటుంది. దేవరకొండ దగ్గరి తండా అమ్మాయికి చౌటుప్పల్ దగ్గర ఉద్యోగం వస్తే నాన్న ససేమిరా అన్నారు. షిఫ్టులు, హాస్టలు, ఒంటరి పిల్ల. నేను ఎంత చెప్పినా "మీరు చెప్తరు మేడం" అన్నారు, ఆయన మాటా నిజమే. అక్కడే పనిచేస్తున్న మా పాత విద్యార్థిని ఒకామె తన వీక్లీ ఆఫ్ రోజున ఆ తల్లిదండ్రులను తీసుకెళ్లి తానుండే హాస్టల్ చూపించింది. మెస్‌లో అన్నం పెట్టించింది, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించింది. నాన్న వార్డెన్‌ను ఏవేవో ప్రశ్నలు వేశారు. తల్లి మాత్రం రూము తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసిందట. తర్వాత ఇక ఏమీ అడగలేదు. అమ్మాయి మే నెలలో చేరింది.

గ్రూప్స్‌కు చదివే పిల్లల గురించి కూడా చెప్పాలి. 2022 చివర్లో వచ్చిన గ్రూప్-4కు తర్వాత కలిపినవాటితో సహా 8,180 పోస్టులు, 2024లో గ్రూప్-1కు 563 పోస్టులు అని నోటిఫికేషన్లు వచ్చాయి. ఇవి రాష్ట్రం మొత్తానికి. చదవండి, కానీ పక్కన ఒక ఉద్యోగమో అప్రెంటిస్‌షిప్పో చేస్తూ చదవండి అన్నందుకు "మేడం గ్రూప్స్ వద్దంటది" అని నా మీద ఒక ముద్ర పడింది. లైబ్రరీలో చదువుకునే కుర్రాళ్లు ఆ ముద్రతోనే నన్ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి వాదించారు. వాళ్లు ఒప్పుకోలేదు, నేనూ తగ్గలేదు. అయినా పోతూ పోతూ కొందరు రెజ్యూమె ఎలా రాయాలని అడిగి వెళ్లారు. ముఖం మీద అడిగినందుకు వాళ్లకు కృతజ్ఞతలు.

ఆఫీసులో మా అటెండర్ అన్న ఆదివారాలు కూడా వచ్చి హాలు తాళం తీశారు. జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి నా పాత డైరీల్లో, విజిటింగ్ కార్డుల వెనక, నా ఫోన్లో చెల్లాచెదురుగా ఉన్న పాత విద్యార్థుల నంబర్లన్నీ ఒకచోట చేర్చింది. ఎంకాం పిల్లలు సెలవుల్లో కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి సరిచూశారు. పేరు, కోర్సు, కంపెనీ ఇలా గడులు గీసుకున్నాం. "ఏ టైంలో ఫోన్ చేయొచ్చు" అనే గడి వాళ్లు సొంతంగా చేర్చారు. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాళ్లను పొద్దున్నే లేపితే తిట్లు తిన్నారు మరి. ఇప్పుడు ఆ షీట్ గైడెన్స్ సెల్ ఆఫీసులో ఉంది, నా దగ్గర కాదు.

కొత్తగా బాధ్యత తీసుకుంటున్న కామర్స్ సార్ మే నుంచే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పిల్లలతో నాకంటే ఓపిగ్గా మాట్లాడతారు. ఇది పొగడ్త కాదు, పిల్లలే నాతో అన్నారు.

ఇక పని మాటలు. గైడెన్స్ సెల్ ఆఫీసు ఫోన్ నంబరు, వాట్సాప్ గ్రూపు మారవు, అడ్మిన్ మాత్రం సార్. రికమండేషన్ లెటర్లు నా సంతకంతో కావాలంటే జూన్ 25 లోపు వచ్చి తీసుకోండి, ఆఖరి రోజు దాకా ఆగకండి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో సొంత బోరు ఉన్నవాళ్లు ఒక లీటరు నీళ్లు ఇవ్వగలిగితే జులైలో మీ ఊరికి నేనే వస్తాను. బోరు మోటరు వేసి కాసేపు నీళ్లు వదిలేశాక పట్టండి. గాజు సీసా వద్దు, శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ బాటిల్ కావాలి. మూత మీద ఊరి పేరు, బోరు లోతు రాసి పెడితే చాలు.