ధాన్యం లారీ మిల్లు గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగుతోంది?

సంపాదకులకు నమస్కారం.

యాసంగి కోతలు మొదలైతే చాలు, కొనుగోలు కేంద్రాలకు లారీలు రావడం లేదని, రైతులు రాశుల దగ్గరే రాత్రిళ్లు కాపలా పడుకుంటున్నారని ఏటా పత్రికల్లో చదువుతున్నాం. దానికి అధికారుల నుంచి వచ్చే జవాబు కూడా ఏటా ఒకటే: మరికొన్ని లారీలు సమకూరుస్తాం, అవసరమైతే మరికొన్ని కేంద్రాలు తెరుస్తాం. నేను హైదరాబాదు శివారులో ఒక కర్మాగారంలో ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో 27 ఏళ్లు పనిచేసి, విరమణ తర్వాత నల్లగొండ జిల్లాలోని మా ఊరు చేరి సేద్యం చూసుకుంటున్నాను. ఆ జవాబు అసలు చిక్కును తాకడం లేదని గట్టిగా అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

కొడవళ్లతో కోసి, కుప్పలు వేసి, తీరిక చూసుకుని నూర్చే రోజుల్లో ఊరి పంట వారాల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వచ్చేది. ఇప్పుడు వరికోత యంత్రం ఎకరాన్ని ఇంచుమించు గంటలో కోసి, గింజలు ట్రాక్టర్లో పోసి పక్క మడిలోకి వెళ్లిపోతుంది. ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే పది ఎకరాల పంట దాదాపు ఒక పెద్ద లారీ లోడు, అంటే 40 కిలోల సంచులు 600. ఊళ్లో మూడు యంత్రాలు ఒక్కోటి రోజుకు పది ఎకరాలు కోస్తూ తిరిగితే రోజుకు మూడు లారీల ధాన్యం కేంద్రానికి చేరుతుంది. కేంద్రం నుంచి రోజుకు ఒక్క లారీయే కదిలితే పది రోజుల కోతలు ముగిసేసరికి 20 లారీల ధాన్యం నేల మీద మిగులుతుంది, చివరి రైతు మరో 20 రోజులు ఆగాలి. వరుసలో ఉన్న సరుకును రోజుకు కదిలే సరుకుతో భాగిస్తే నిరీక్షణ ఎంతో తేలుతుందన్న ఈ లెక్కను అమెరికా ఆచార్యుడు జాన్ లిటిల్ 1961లోనే గణితపరంగా నిరూపించారు. కర్మాగారాల్లో మేం రోజూ వాడే లెక్క ఇదే. 2025-26లో ‘ఏ’ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయల చొప్పున చూస్తే ఆ 20 లారీల ధాన్యం విలువ కోటీ 14 లక్షలు దాటుతుంది. అంత సొమ్ము ఒక్క ఊరి కళ్లంలో చిక్కుకుపోయి ఉంటే, దాని మీద పంట రుణాల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

మరి లారీలు నిజంగానే లేవా? గత యాసంగిలో మా కేంద్రానికి నాలుగు లారీలు కేటాయించారు. నింపడానికి, ప్రయాణానికి, దించడానికి కలిపి ఒక లారీకి ఒక రోజు పడితే ఆ నాలుగింటితో రోజుకు నాలుగు లోడ్లు వెళ్లాలి. మా అవసరం మూడే. కానీ ప్రతి లారీ మిల్లు గేటు బయట మూడేసి రోజులు ఆగి నాలుగో రోజుకు తిరిగి వచ్చింది కాబట్టి, నాలుగు లారీలూ కలిసి రోజుకు ఒక్క లారీ పనే చేశాయి. ఇంకో నాలుగు లారీలు ఇచ్చినా అవి కూడా వెళ్లి అదే గేటు ముందు వరుసలో చేరేవి.

మా కర్మాగారంలో ఒకసారి సరిగ్గా ఇదే తప్పు చేశాం. ఉత్పత్తి చాలడం లేదని రెండు లేతు యంత్రాలు కొత్తగా కొన్నాం. విడిభాగాలన్నీ వేడిచేసి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ కొలిమి గుండానే పోవాలి, దాని సామర్థ్యం మాత్రం మారలేదు. ఫలితంగా కొలిమి ముందు ట్రేల గుట్టలు పెరిగాయే గాని నెలాఖరుకు బయటికి వెళ్లిన సరుకు ఒక్క పెట్టె పెరగలేదు. ధాన్యం విషయంలో ఆ కొలిమి మిల్లు దగ్గర దిగుమతే, అంటే లారీ నుంచి సంచులు దించే పనే. అక్కడ పగటిపూట ఒకే హమాలీ జట్టు దించుతుంది. పోయిన సీజన్ ధాన్యం ఆడించి బియ్యం ప్రభుత్వానికి అప్పగించడం పూర్తికాని మిల్లుల్లో కొత్త సంచులకు చోటుండదు, బియ్యం తీసుకోవాల్సిన గోదాములు నిండి ఉంటే ఆ అప్పగింత కూడా ఆగుతుంది. అక్కడ మొదలైన బిగింపు ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ చివరికి కళ్లంలో రాశి మీద పడుతోంది.

ఆ రాశి దగ్గర ఏం జరుగుతుందో చూసినవాడిగా చెబుతున్నాను. మా పొలం పక్కన కౌలుకు చేసే ఒక అక్క ధాన్యం తేమ యంత్రంలో 16.4 చూపించింది, పరిమితి 17 శాతం. లారీ కోసం ఆగిన నాలుగో రాత్రి వాన పడింది. టార్పాలిన్ కప్పినా అడుగునుంచి నీళ్లు పారి తేమ 19 దాటింది. ఆమె మళ్లీ రెండు రోజులు ఎండలో కాళ్లతో చాళ్లు తీస్తూ ఆరబోసుకుంది. రాశి అంచున అప్పటికే తెల్లటి మొలకలు కనిపించాయి. ఆలస్యం అలా ఒకసారి చేసిన పనిని మళ్లీ చేయిస్తుంది. అంతకన్నా బాధాకరమైనది మరొకటి: లారీ మిల్లు దగ్గర ఆగినకొద్దీ, మిల్లువాళ్లు తరుగు పేరిట తూకంలో కోత అడిగితే కాదనే బలం రైతుకు ఉండదు. లారీ వెనక్కి వస్తే మళ్లీ మొదటికి వస్తుందని ఆయనకు తెలుసు.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. కోతల రద్దీ ఉండే ఆ మూడు నాలుగు వారాలు మిల్లుల్లో రాత్రి దిగుమతికి రెండో హమాలీ జట్టును, దానికి తగిన కూలితో, తప్పనిసరి చేయాలి. పన్నెండు గంటలు దాటి ఆగిన లారీని మరో మిల్లుకో మార్కెట్ కమిటీ గోదాముకో మళ్లించే అధికారం మండల స్థాయిలోనే ఉండాలి, జిల్లా కేంద్రం నుంచి ఫోను వచ్చేదాకా ఆగకూడదు. ధాన్యం ఏ రోజు తేవాలో చెప్పే టోకెన్లు రైతులకు కళ్లంలో ఖాళీ చూసి కాకుండా, మరుసటి రోజు మిల్లులో ఎన్ని లారీలు దిగగలవో చూసి ఇవ్వాలి. ముందున్న మెట్టు అడిగినంతే వెనకనున్నది పంపాలన్న ఈ పద్ధతితోనే జపాన్‌లో తాయిచి ఓనో టొయోటా కర్మాగారాలను తీర్చిదిద్దారు. అయితే టోకెన్ ఆపితే వరి చేలోనే నిలబడి వడగళ్లకు రాలిపోయే ప్రమాదం ఉంది గనుక, దిగుమతి వేగం పెంచకుండా ఈ ఒక్కటీ అమలు చేస్తే రైతుకు అన్యాయమే జరుగుతుంది.

వీటన్నిటికన్నా ముందు కొలత కావాలి. ఎన్ని కేంద్రాలు తెరిచారో, ఎన్ని టన్నులు కొన్నారో రోజూ ప్రకటిస్తున్నారు. లారీ మిల్లు గేటు దగ్గరికి ఎప్పుడు చేరిందో, ఖాళీగా ఎప్పుడు బయటికి వచ్చిందో ఎవరూ ప్రకటించడం లేదు. లారీతో పాటు వెళ్లే సరుకు చీటీ, అంటే ప్రతి ట్రక్ షీటు మీద ఈ రెండు సమయాలూ రాయించి, మిల్లులవారీగా ఏ రోజుది ఆ రోజే కొనుగోలు కేంద్రం బోర్డు మీద పెట్టించాలని పౌరసరఫరాల శాఖ అధికారులను కోరుతున్నాను. మీ విలేకరులు కూడా ఈసారి కళ్లాల దగ్గరే ఆగకుండా ఒక లారీ వెంట మిల్లు గేటు దాకా వెళ్లి, అది ఖాళీ అయ్యేవరకు అక్కడే ఉండి రాయాలని మనవి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, రైతు
నల్లగొండ జిల్లా